కత్తెర లేని ఇల్లు

అన్నయ్యకి గుండె ఆపరేషన్ తప్పదని డాక్టర్లు చెప్పిన రోజు నుంచీ మా అమ్మ ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. "అప్పన్నకి మనం ఏటి లోటు సేసేం?" పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తే అదే మాట, సాయంత్రం దీపం పెట్టి ఇటు తిరిగితే అదే మాట. అప్పన్న అంటే సింహాచలం కొండ మీది స్వామి. అమ్మ విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళికూతురిగా ఓడెక్కి సింగపూర్ వచ్చింది. వెంట తెచ్చుకున్న సామాన్లన్నీ ఎప్పుడో పాడైపోయాయి గానీ ఆ స్వామి మీద భయం మాత్రం చెక్కు చెదరలేదు. ఎనభై దాటిన మనిషి.   ఆవిడ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది, అదే నా అవస్థ. ఆ లోటు ఏమిటో నాకు తెలుసు, అన్నయ్యకి తెలుసు, నాన్నకి కూడా తెలుసు గానీ ఆయన పోయి చాలాకాలమైంది. నిజానికి ఫోను ఉన్న ప్రతివాడూ దాన్ని చూడొచ్చు. అప్పటివరకూ చూడనిది మా అమ్మ ఒక్కతే.

సరిగ్గా ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం, బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాటుకి మెయ్ లిన్ వచ్చింది. ముప్పై దాటిన చైనీస్ అమ్మాయి. పాత పాటల వెనక కథలు వెతికి చిన్న సినిమాలుగా తీస్తుందట. అన్నయ్య కుర్రతనంలో స్నేహితులతో కలిసి ఒకే ఒక్క పాట చేశాడు. గిటార్లు ఉరిమి, డ్రమ్ములు బద్దలైపోతాయేమో అన్నంతగా మోగే హార్డ్ రాక్ పాట. పేరు 'నో సిజర్స్ ఇన్ దిస్ హౌస్', అంటే ఈ ఇంట్లో కత్తెర లేదు అని. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువే గానీ, టేపులు చేతులు మారి మారి, ఇప్పుడు ఈ ఊరి రాక్ పాటల్లో అది క్లాసిక్ అంటున్నారు. దాని వీడియోకి ఇంకా పేరు. చివర్లో ఒక కుర్రాడి పొడుగాటి జుట్టు కత్తిరిస్తూ ఉంటే ఒక పాయ గాలికి లేచి, పిట్టగోడ దాటి, మెలికలు తిరుగుతూ ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. ఆ పాయ బొమ్మ వేసిన టీషర్టులు తొడుక్కుని పిల్లలు తిరగడం నేను కళ్ళారా చూశాను. ఆ కుర్రాడు మా అన్నయ్య. ఆ పాయ అప్పన్నకి మొక్కుకున్నది. అమ్మ అడుగుతున్న లోటు అదే.

అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు కాబట్టి ఆ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ఆంటీ, అది మిలటరీ మీద నిరసన కదా? అందరూ అదే అంటారు," అంది. నేను పడగ్గది తలుపు వైపు చూశాను. భోజనం చేసి అమ్మ లోపల నడుం వాల్చింది. నిద్ర పట్టిందో లేదో తెలియదు. ఆ వీడియో అమ్మ కంట పడితే, కొడుకుని కత్తి కిందికి పంపబోయే ముందు రోజు పడితే, ఆవిడ ఏమైపోతుందో అని నా భయం. గొంతు తగ్గించి మాట్లాడమని మెయ్ లిన్‌కి సైగ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయికి ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ తెలుగులో కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మా అన్నయ్య పేరు సూరిబాబు. పదమూడేళ్ళప్పుడు వాడికి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. మనిషి పరుపులో ఉన్నాడా లేదా అన్నట్టు చిక్కిపోయాడు. అమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని మొక్కుకుంది, నా కొడుకు లేచి కూర్చుంటే కొండకి తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తాను, అంతవరకూ వాడి తలకి కత్తెర తగలనివ్వను అని. వాడు లేచాడు. కొండకి వెళ్ళడమే కుదరలేదు. ఒకసారి నాన్నకి షిప్‌యార్డులో సెలవు దొరకలేదు. ఒకసారి టిక్కెట్లు చూసుకుంటూ ఉండగా తాతయ్య పోయారు, ఆ ఏడాదంతా శుభకార్యం చెయ్యకూడదన్నారు. తర్వాత అమ్మ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఈలోగా అన్నయ్య జుట్టు భుజాలు దాటి, వీపు దాటి, నడుం దాకా దిగింది. నా జడ వాడి జుట్టులో సగం ఉండేది కాదు. ఆ కుళ్ళు నాకు చాలాకాలం ఉండేది.

తోవా పాయోలో అప్పటి మా ఫ్లాటులో కత్తెర అన్నది లేదు. ఇది విని నవ్వకండి, మా అమ్మ జాకెట్లు కుట్టేది. బ్లాకులో ఉన్న ఆడవాళ్ళందరి జాకెట్లూ, మలయ్ వాళ్ళు బాజూలనే పొడుగు చొక్కాలూ ఆవిడ మిషను మీదే తయారయ్యేవి. అయినా మొక్కిన మర్నాడే తన కత్తెర తీసుకెళ్ళి పక్కింటి హలీమా మక్చిక్‌కి ఇచ్చేసింది. మక్చిక్ అంటే మలయ్ వాళ్ళు పెద్దావిడని పిలిచే పిలుపు. ఆ తర్వాత గుడ్డ కత్తిరించాలంటే సుద్దముక్కతో గీతలు గీసుకుని, బట్ట మడిచి చంకలో పెట్టుకుని మక్చిక్ ఇంటికి వెళ్ళడం, అక్కడ కింద కూర్చుని కత్తిరించుకుని, ముక్కలు తెచ్చుకుని మా ఇంట్లో కుట్టుకోవడం. పాల ప్యాకెట్టు పళ్ళతో చింపేవాళ్ళం. గోళ్ళు కారిడార్ చివరికి వెళ్ళి తీసుకునేవాళ్ళం. శనివారం పొద్దున్నే అన్నయ్యని పీట మీద కూర్చోబెట్టి అమ్మ తలకి కొబ్బరినూనె పట్టించేది, స్నానం అయ్యాక బుట్ట బోర్లించి, కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగలో జుట్టు ఆరబెట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా సాంబ్రాణి వాసన వస్తే నాకు దేవుడి కంటే ముందు కొబ్బరినూనె, మిషను ఆయిలు, విసుగ్గా మొహం పెట్టుకుని కూర్చున్న అన్నయ్యే గుర్తొస్తారు.

ఇంట్లో సరే, బయట ఎలా? అప్పట్లో ఈ ఊళ్ళో మగపిల్లలు జుట్టు పెంచితే పోకిరీల కింద లెక్క. పోస్టాఫీసులోనూ ఆఫీసు కౌంటర్ల దగ్గరా, జుట్టు పెంచిన మగవాళ్ళ పని అందరికంటే ఆఖరున చూస్తాం అని బోర్డులు పెట్టేవారు. చెవి మీదికి జుట్టు దిగితే తప్పు, కాలరు మీదికి దిగితే తప్పు అని బొమ్మ గీసి మరీ చూపించేవారు. మావాడిది నడుం దాకా. స్కూల్లో మాత్రం చిత్రంగా గడిచిపోయింది. తోటి సిక్కు పిల్లవాడొకడు జుట్టు ముడివేసి పైన గుడ్డ కట్టుకోవడం నేర్పాడు. మాస్టర్లు చూసి వీడూ సిక్కు కాబోలనుకుని ఊరుకున్నారు. నాన్న వెళ్ళి మేం తెలుగువాళ్ళం, ఇది మొక్కు అని చెప్పబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఊరుకోండి. ఆళ్ళేదో అనుకున్నారు, అనుకోనీండి," అంది. బజారుకి వెళ్తే అన్నయ్య ముందు, అమ్మ వెనకాల. ఎవడైనా కత్తెర పట్టుకుని వెనక నుంచి వస్తాడేమోనని ఆవిడ భయం. పోలీసులు ఎవరినో పట్టుకుని కత్తిరించి పంపారట అని ఎవరో చెప్పిన దగ్గర నుంచి, వాడు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, అమ్మ గేటు చువ్వలు పట్టుకుని నిలబడిపోయేది.  మా ఇంటి పిల్లలం ఆ భయాన్ని అన్నంతో పాటు తిని పెరిగాం.

అన్నయ్యకి మాత్రం ఆ జుట్టే కలిసొచ్చింది. డ్రమ్ములు వాయించే రేమండ్ అనే చైనీస్ కుర్రాడు వాణ్ణి ఎక్కడో గుడ్డ విప్పి ఉండగా చూసి, గిటారు వచ్చో రాదో అడక్కుండానే తన బ్యాండులో చేరమన్నాడు. గిటారు తర్వాత నేర్చుకున్నాడు. క్రాంజీలో రేమండ్ మేనమామకి కోళ్ళ ఫారం ఉండేది, అక్కడి పాత షెడ్డులో వీళ్ళ సాధన. వీళ్ళ మోతకి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఆయన తిట్టిపోస్తున్నా, వెళ్ళగొట్టేదాకా వాయించారు. ఒకరోజు రేమండ్ మా ఇంటికి వచ్చి, స్పీకరు వైరు తొడుగు తీయాలి, కత్తెర ఇవ్వండి ఆంటీ అన్నాడు. అమ్మ మిషను దగ్గర నుంచి దిగ్గున లేచింది. ఆవిడకి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కల్నీ ఒక్కసారే వాడి మొహాన విసిరింది. "నో! నో సిజర్స్ ఇన్ దిస్ హౌస్!" వాడు బిక్కచచ్చిపోయాడు. అన్నయ్య మాత్రం మంచం మీద కూర్చుని అదే మాటని, అదే గొంతుతో, గిటారు మీద మెల్లగా కొట్టి చూశాడు. పాట పుట్టింది అలాగ. అందులో స్వేచ్ఛ ఉంది, తిరుగుబాటు ఉంది అని ఇప్పుడు వ్యాసాలు రాస్తున్నారు. ఆ పాటలో అరిచేది భయపడిపోయిన మా అమ్మ.

అన్నయ్యకి పద్దెనిమిది నిండాయి. పటాలం పిలుపు వచ్చింది. ఇక్కడ పుట్టిన మగపిల్లలందరికీ అది తప్పదు, అక్కడికి వెళ్ళిన రోజే వరసగా కూర్చోబెట్టి మిషనుతో గుండు చేస్తారని అందరికీ తెలుసు. అమ్మకి మాత్రం ఆ మాట అప్పుడే మొదటిసారి వింటున్నట్టు తగిలింది. అప్పన్న సొత్తు ఎవడో మిషను పెట్టి గీకేస్తాడు, నేల మీద పడుతుంది, నలుగురి జుట్టుతో కలిపి చీపురుతో ఊడ్చేస్తారు. ఆవిడకి ఇదొక్కటే కనిపించేది. "ఆ జొరం మళ్ళీ తిరగబెడతాది. నా కొడుకు నాకు దక్కడు," అని నాన్న చొక్కా పట్టుకుని ఏడ్చింది. కొండకి తీసుకెళ్దామంటే పిలుపు అందుకున్న కుర్రాణ్ణి దేశం దాటించడానికి అనుమతులు కావాలి, అవి వచ్చేలోపు గడువు దాటిపోతుంది. నాన్నకి ఈ మొక్కుల మీద నమ్మకం లేదు. గుడికి వెళ్ళినా చెప్పుల దగ్గర కాపలా ఉండిపోయే మనిషి. అయినా అమ్మ ఏడుపు చూసి, సెరంగూన్ రోడ్డు గుళ్ళో పూజారిని వెళ్ళి కలిశారు. స్వామి పేరు చెప్పి ఇక్కడే తీయించండి, ఒక్క వెంట్రుక కూడా నేల మీద పడకుండా పసుపుగుడ్డలో పట్టి మూట కట్టండి, వీలైనప్పుడు కొండకి తీసుకెళ్ళి అర్పించండి, దోషం లేదు అన్నారాయన. బుధవారం మధ్యాహ్నం లోపల మంచిదన్నారు. ఒక్క వెంట్రుక కూడా అన్న ముక్కని అమ్మ గట్టిగా పట్టుకుంది.

రేమండ్ ఎవరి దగ్గరో వీడియో కెమెరా అరువు తెచ్చాడు. అది దొరికిందీ ఆ బుధవారమే. అన్నయ్య పటాలానికి పోతే బ్యాండు చెదిరిపోతుంది, జుట్టూ ఉండదు, కాబట్టి వీడియో తీస్తే ఆ పొద్దున్నే తీయాలి. అమ్మ ఒప్పుకోలేదు, అన్నయ్య అలిగి అన్నం మానేశాడు, నాన్న మధ్యలో పడి రాజీ చేశారు. పొద్దున్న వాళ్ళ గంతులు, అవగానే గుండు. మా బ్లాకులో అన్నిటికంటే పైఅంతస్తు కారిడార్లో స్థలం ఎక్కువని అక్కడ పెట్టుకున్నారు. తీరా మొదలుపెట్టాక వాన పట్టుకుంది. వాన తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదలెట్టి, అన్నయ్య తల తిప్పి తిప్పి జుట్టు ఎగరేస్తూ ఉంటే అమ్మ గోడ పక్కన నిలబడి ప్రతి విసురుకీ ఉలిక్కిపడేది, ఒక్కటి ఊడినా ఎలాగ అని. మా బ్లాకు కింది సెలూన్ అంకుల్ పెట్టె పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మంచి గడియ దాటిపోతోందని నాన్న గడియారం చూపించారు. ఇంక కిందికి దిగి ఇంట్లో కూర్చునే వ్యవధి కూడా లేదంది అమ్మ. అన్నయ్యని ఉన్నచోటే పీట మీద కూర్చోబెట్టి, పసుపుగుడ్డ రెండు కొసలు తను పట్టుకుని, రెండు నా చేతికిచ్చింది. రేమండ్ కెమెరా ఆపలేదు. ఆపమని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అమ్మ కళ్ళు మూసుకుని "అప్పన్నా, సింహాద్రప్పన్నా" అని అనుకుంటూ ఉంది. అంకుల్ ముందు కత్తెరతో పాయలు తీస్తున్నాడు. మొదటిది గుడ్డలో పడింది. రెండోది తీసిన క్షణంలో వాన తర్వాతి గాలి ఒక్క విసురు వచ్చింది. ఆ పాయ నా మొహం పక్కనుంచి, వెనక్కి, పైకి వెళ్ళిపోయింది. నేను కొసలు వదిలితే ఉన్నదంతా పోతుంది. వదలకపోతే అది పోతుంది.  తల తిప్పి చూడటానికి కూడా భయమేసింది. అమ్మ కళ్ళు తెరవలేదు. కాసేపటికి నాన్న నా పక్కకి వచ్చి, ఎందుకో ఆయాసపడుతూ, నా కళ్ళలోకి చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నారు. గుండు పూర్తయ్యాక అన్నయ్య నెత్తికి అమ్మ గంధం రాసింది, మూట గట్టిగా ముడేసి కళ్ళకద్దుకుంది, ఆ ఐదేళ్ళలో మొదటిసారి నవ్వింది. టాక్సీ చూసొస్తానని నాన్న కిందికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు, టాక్సీ కూడా రాలేదు. ప్యాంటు అంచుల నిండా గడ్డి గింజలు అంటుకుని ఉన్నాయి. నేను అడగలేదు. ఆ సాయంత్రం నన్నూ అన్నయ్యనీ మెట్ల దగ్గరికి పిలిచి, "మీ అమ్మతో ఈ సంగతి ఎప్పుడూ అనకండి," అన్నారు, అంతే.

తర్వాత వీడియో ఒకటి రెండుసార్లు టీవీలో వచ్చింది. గంధం పూసిన గుండు చూసి ఇది పటాలాన్ని వెక్కిరించడమే అని ఎవరో అన్నారట, క్యాంపులో ఆఫీసరు అన్నయ్యని పిలిచి అడిగాడు. ఆ కబురు తెలిసి మా ఇంట్లో అన్నం దిగలేదు. దేవుడికిచ్చిన జుట్టు సార్ అని అన్నయ్య చెప్తే, ఆయన కాసేపు చూసి, మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు అని పంపేశాడు. అమ్మ, నాన్న మరో రెండేళ్ళకి సింహాచలం వెళ్ళి మూట అర్పించి వచ్చారు. జ్వరం తిరగబెట్టలేదు. అన్నయ్య పెళ్ళి చేసుకున్నాడు, చాంగీ బిజినెస్ పార్కులో ఆఫీసుల ఏసీలు బాగుచేసే పనిలో చేరి రిటైరయ్యాడు. అక్కడి తెలుగు ఇంజినీర్లు మీది ఏ ఊరు అంకుల్ అని అడిగితే తోవా పాయో అని చెప్పేవాడు. మేమిద్దరం మాత్రం అమ్మ ముందు ఆ పాట ఊసెత్తకుండా, టీవీలో పాతపాటల కార్యక్రమం వస్తే ఛానెల్ మార్చేస్తూ, మనవలకి సైగలు చేస్తూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఎవరి జుట్టు ఎవరికి కావాలి? మా బ్లాకు కుర్రాళ్ళు ఒకడు ఊదారంగు, ఒకడు సగం గుండు. లిఫ్టులో పక్కన నిలబడినా ఎవరూ తల తిప్పి చూడరు. మంచిదే. కానీ ఆ రోజు పొద్దున్నే, మర్నాటి ఆపరేషన్ కోసం నర్సు వచ్చి అన్నయ్య ఛాతీ మీది వెంట్రుకలు మిషనుతో తీసి చెత్తబుట్టలో వేస్తుంటే, నేను గోడకి ఆనుకుని ఆ బుట్టనే చూస్తూ ఉండిపోయాను. అమ్మ అక్కడ లేనందుకు బతికాననుకున్నాను.

ఇదంతా విని మెయ్ లిన్ సంచిలోంచి టాబ్లెట్ తీసింది. రేమండ్ చనిపోయే ముందు అసలు టేపు ఆమెకిచ్చాడట, దాన్ని శుభ్రం చేయించింది. పాత టీవీలు బొమ్మ అంచుల్ని మింగేసేవట, ఇందులో అంచులతో సహా ఉందట. "చూస్తారా ఆంటీ?" అంది. చూద్దామని నేనే తలూపాను. శబ్దం తగ్గించమని చెప్పడం మర్చిపోయాను. గిటార్లు ఒక్కసారి గొల్లుమన్నాయి.

పడగ్గది తలుపు తెరుచుకుంది. అమ్మ చేతికర్ర లేకుండా, గోడ పట్టుకుని వచ్చేసింది. "అది సూరిగాడి గోల కాదేటి?" అంటూ నా పక్కన కూలబడింది. టాబ్లెట్ బోర్లా పెట్టబోయాను, నా మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతిలో అంత బలం ఉందని నేననుకోలేదు. బొమ్మలో జుట్టు ఎగరేస్తున్న కొడుకుని చూసి మురిసిపోయింది. పీట వచ్చింది, పసుపుగుడ్డ వచ్చింది, పిట్టగోడకి వీపు పెట్టి ఉన్న నేను, కళ్ళు మూసుకున్న తను. కత్తెర కదిలింది.  పాయ లేచింది, పిట్టగోడ వైపు వెళ్ళింది. అమ్మ ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. "ఒలే," అంది. "ఎగిరిపోనాదేటే?"  అవునమ్మా అన్నాను. రేపు పొద్దున్న ఆపరేషన్. ఆవిడ మొహం పాలిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"ఈ అంకుల్ ఎవరు?" అని అడిగింది మెయ్ లిన్. వేలితో బొమ్మని ఆపి, అంచు మీద చూపించింది. అందరూ ఆకాశంలో పాయనే చూస్తారు. ఇన్నేళ్ళూ నేనూ దాన్నే చూశాను. కింద అంచున నాన్న ఉన్నారు. అప్పటికే బట్టతల, చెవుల పైన మాత్రం కాస్త జుట్టు. పిట్టగోడ మీద బోర్లా పడి, సగం మనిషి గోడ అవతల, ఒక కాలు నేల మీద లేదు, రెండు చేతులూ చాచి ఆ పాయ కోసం అందుకోబోతున్నారు. పన్నెండంతస్తుల కింద గడ్డినేల. ఇంకొక్క జానెడు ముందుకి వంగితే మాకు నాన్న ఉండేవారు కారు. నా వెనక ఇంత జరిగిందని నాకు తెలియదు. ఆయన ఆయాసం ఎందుకో ఇప్పుడు తెలిసింది.

అమ్మ వేలితో ఆ చిన్న మనిషిని తాకింది. బొమ్మ కదిలిపోయింది, మెయ్ లిన్ మళ్ళీ తెచ్చి పెట్టింది. "మీ నానే," అంది అమ్మ. చాలాసేపు అలా చూసి, నాతో కాదు, దానితోనే మాట్లాడింది. "అందుకేటి... కొండ మీద నాను మూట ఇచ్చీసి బయటికొచ్చేసరికి ఈయన గుండుతో కూసున్నారు. దేవుడికి దణ్ణమే పెట్టని మనిషి. ఏటిదీ అంటే, ఎండగా ఉంది గదా, అన్నారు. నాకేటి తెలుసును? బస్సులో దారంతా నవ్వేను. ఊళ్ళో అందరికీ సెప్పి నవ్వించేను. ఆయన ఒక్క మాట అన్నారు కాదు." అప్పుడు నాన్న విమానం దిగినప్పుడు నెత్తిన టోపీ ఉన్న సంగతి నాకూ గుర్తుంది. మేమూ నవ్వాం. అమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ ఆవిడ వాటిని తుడుచుకోలేదు. కొంగు సర్దుకుని, అన్నయ్యకి ఫోను కలపమంది.

ఆస్పత్రి మంచం మీద నుంచి అన్నయ్య గొంతు నీరసంగా వచ్చింది. స్పీకరు పెట్టాను. "సూరిగా, బయపడకు," అంది అమ్మ. ఇన్ని రోజుల్లో ఆ గొంతు వణకకపోవడం అదే మొదలు. "ఆ పొద్దు ఎగిరిపోనదానికి బదులు కొండ మీద మీ నాన ఇచ్చీసేరు."  అమ్మ చూసేసిందని అర్థమయ్యేదాకా వాడికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఏడుపో నవ్వో తెలియని గొంతుతో అడిగాడు.

"నాన్నకి అసలు జుట్టెక్కడిదమ్మా?"

"ఉన్నదంతా ఇచ్చీసేరు, నాయనా," అంది అమ్మ.